హమ్మింగ్‌బర్డ్ రంగు ఫొటోకెక్కిన కథ

1851 వేసవిలో లండన్ జనం పిట్టలను చూడ్డానికి ఎగబడ్డారు. రీజెంట్స్ పార్కులోని జంతుప్రదర్శనశాలలో జాన్ గూల్డ్ అనే పక్షిశాస్త్రవేత్త, తాను ఏళ్ల తరబడి కూడబెట్టిన హమ్మింగ్‌బర్డ్‌లను గాజు పెట్టెల్లో అమర్చి పెట్టాడు. బొటనవేలంత పిట్టలు. గొంతు మీద కెంపు రంగు, వీపు మీద పచ్చల మెరుపు. విక్టోరియా రాణి కూడా వచ్చి చూసి వెళ్లింది. అన్నీ దూది కూరిన తోళ్లే. ఒక్కదానిలోనూ ప్రాణం లేదు.

ఆ పిట్టల మీద గూల్డ్ 1849 నుంచి 1861 దాకా భాగాలు భాగాలుగా ఒక మహాగ్రంథం అచ్చు వేయించాడు. అందులోని బొమ్మలకు మామూలు రంగులు చాలవని ఆయనకు తొందరగానే తెలిసొచ్చింది. ఎంత మంచి ఎరుపు పూసినా ఆ గొంతు మీది మెరుపు కాగితం మీదికి రాలేదు. అందుకని బంగారు రేకు అతికించి, దాని మీద పలచటి రంగు వేసి, పైన వార్నిష్ పూయించాడు. కాగితాన్ని అటూ ఇటూ వంచితే బొమ్మ మెరిసేది. అంత పని చేసిన మనిషి, అప్పటికి ప్రాణమున్న హమ్మింగ్‌బర్డ్‌ను ఒక్కదాన్నీ చూసి ఎరగడు. ఆ పక్షులు అమెరికా ఖండాల్లో తప్ప ఇంకెక్కడా ఉండవు మరి. 1857లో ఫిలడెల్ఫియా వెళ్లినప్పుడు అక్కడి తోటలో మొదటిసారి ఎగిరే హమ్మింగ్‌బర్డ్‌ను చూశాడు. అప్పటికి ఆయన గ్రంథం సగం దాటిపోయింది.

రంగురంగుల ఉష్ణమండల పక్షులను అడవిలో ఫొటో తీయడం ఎలా మొదలైందని అడిగితే చాలామంది కెమెరాల చరిత్ర చెబుతారు, లెన్సుల చరిత్ర చెబుతారు. నాకు మాత్రం ఇది వెలుతురు కథ. గూల్డ్ బంగారు రేకుతో చేయబోయిన పనిని వంద సంవత్సరాల తర్వాత ఒక ఎలక్ట్రికల్ ఇంజినీరూ, ఒక రసాయన కంపెనీ అధ్యక్షుడూ పూర్తి చేశారు.

ముందు ఆ రంగు సంగతి తేల్చుకోవాలి. మందార పువ్వు ఎరుపు రంగు పదార్థం వల్ల వస్తుంది. నలిపినా ఎర్రగానే ఉంటుంది. హమ్మింగ్‌బర్డ్ గొంతులోని కెంపు అలాంటిది కాదు. దాని ఈకలను పొడి చేస్తే మిగిలేది నల్లటి గోధుమ రంగే. ఈకలోని అతి సన్నటి నూగులో, కంటికి కనపడనంత చిన్న పలకలు పొరలు పొరలుగా పేర్చి ఉంటాయి. మెలనిన్ అనే నల్లటి రంగు పదార్థంతో చేసిన పలకలు. లోపల గాలి బుడగలు. వెలుతురు వాటి మీద పడగానే కొంత పై పొర నుంచి, కొంత కింది పొరల నుంచి వెనక్కి తిరుగుతుంది. అలా తిరిగొచ్చిన కిరణాలు కలిసినచోట ఒక రంగు బలపడుతుంది, మిగతావి ఒకదాన్నొకటి చెరుపుకుంటాయి. సబ్బు బుడగ మీద రంగులు పుట్టేదీ ఈ సూత్రంతోనే.

ఇందులో ఫొటోగ్రాఫర్‌ను ముప్పుతిప్పలు పెట్టే విషయం ఒకటుంది. గొంతు మీది ఆ ఈకలు చిన్న అద్దాల్లా ఒకే వైపుకు వెలుతురు విసురుతాయి. వెలుతురు, పిట్ట, చూసే కన్ను మూడూ సరైన కోణంలో ఉంటేనే కెంపు కనిపిస్తుంది. పిట్ట తల కాస్త తిప్పిందా, గొంతంతా బొగ్గులా నల్లబడుతుంది. మన పెరటిలో వాలే తేనెపిట్టను గమనించినవాళ్లకు ఇది తెలిసిన విషయమే. హమ్మింగ్‌బర్డ్‌కూ దానికీ చుట్టరికం లేకపోయినా రంగు విషయంలో రెండూ ఒకటే. ఎండాకాలం పొద్దున్నే ఎర్రటి పూలగుత్తి దగ్గర మగ తేనెపిట్టను చూడండి. నీడలో ఉన్నంతసేపూ నల్లటి పిట్టే. ఎండలోకి వచ్చి మెడ ఇటు తిప్పిన అరక్షణంలో భుజం మీద ఊదా, గొంతు మీద నీలం భగ్గుమంటాయి. మళ్లీ తల తిప్పగానే ఆరిపోతాయి. ఫొటో కావాలంటే ఆ అరక్షణమే కావాలి.

ఇక వేగం. చిన్న హమ్మింగ్‌బర్డ్‌లు పువ్వు ముందు గాలిలో నిలబడి ఉన్నప్పుడు సెకనుకు 50 సార్లు, అతి చిన్నవైతే 80 సార్లు రెక్కలాడిస్తాయి. రెక్క కొస సెకనుకు 10 మీటర్ల వేగంతో కదులుతోందనుకుందాం. సెకనులో వెయ్యో వంతు సేపు కెమెరా కన్ను తెరిచినా, ఆ కాస్త సమయంలోనే రెక్క కొస ఒక సెంటీమీటరు దూరం జరిగిపోతుంది. పిట్ట పొడవే ఎనిమిది, తొమ్మిది సెంటీమీటర్లు. ఫొటోలో రెక్క ఉండాల్సిన చోట పొగమంచు మిగులుతుంది.

ఇలాంటి పిట్టను రంగుల్లో పట్టాలంటే 1930ల దాకా దారే లేదు. పక్షుల ఫొటోలు అసలు లేవని కాదు. ఇంగ్లండ్‌లో కీర్టన్ సోదరులు 1890లలోనే గూళ్లను, గుడ్లను ఫొటోలు తీసి పుస్తకం వేశారు. పిట్ట బెదరకుండా దగ్గరికి చేరడానికి బోలు ఎద్దు బొమ్మ చేయించి అందులో దాక్కున్నారు కూడా. అయితే అవి నలుపు తెలుపు ఫొటోలు, కుదురుగా కూర్చున్న పక్షులవి. 1935లో కోడాక్రోమ్ ఫిల్మ్ వచ్చాక రంగు సమస్య ఒక మేరకు తీరింది. దాన్ని కనిపెట్టినవాళ్లు లియొపోల్డ్ మాన్స్, లియొపోల్డ్ గొడౌస్కీ. ఇద్దరూ వృత్తిరీత్యా సంగీతకారులు. రంగులు అద్భుతంగా వచ్చేవి, కానీ ఆ ఫిల్మ్‌కు విపరీతమైన వెలుతురు కావాలి. ఇవాళ మన ఫోన్ కెమెరా దీపం వెలుగులో తీసే ఫొటోను ఆ ఫిల్మ్ మీద తీయాలంటే మనిషి చాలాసేపు కదలకుండా కూర్చోవాల్సిందే. ఉష్ణమండల అడవిలో నేల దాకా చేరే వెలుతురు చాలా తక్కువ. ఆ నీడలో సెకనులో వెయ్యో వంతు మాట అటుంచండి, పదో వంతు సేపు తెరిచినా ఫిల్మ్ మీద చీకటే.

సొంత వెలుతురు తీసుకెళ్దామంటే, మెగ్నీషియం పొడి పేల్చితే పొగ, చప్పుడు. 1930 ప్రాంతంలో వచ్చిన ఫ్లాష్ బల్బు పొగ రానివ్వదు గానీ, ఒక్కసారి వెలిగితే మాడిపోతుంది. పైగా దాని వెలుగు సెకనులో దాదాపు యాభయ్యో వంతు సేపు ఉంటుంది. ఆపాటికి రెక్క ఒక చుట్టు పూర్తిగా ఆడిపోతుంది.

ఈ చిక్కు విడిపోయింది పక్షులతో ఏ సంబంధమూ లేని ఒక ప్రయోగశాలలో. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో హెరాల్డ్ ఎడ్జర్టన్ అనే యువకుడు కరెంటు మోటార్ల మీద పరిశోధన చేస్తున్నాడు. మోటారు మీద లోడు ఒక్కసారి పెరిగినప్పుడు తిరిగే భాగం ఎలా తడబడుతుందో చూడాలి. గిర్రున తిరిగేదాన్ని ఎలా చూస్తాం? ఆయన ఒక గాజు గొట్టంలో వాయువు నింపి, అందులోంచి ఒక్క విదిలింపుతో కరెంటు పంపి, క్షణమాత్రం వెలుగు పుట్టించాడు. మోటారు ఎంత వేగంగా తిరుగుతోందో ఆ వెలుగూ అంతే వేగంగా ఆరుతూ వెలుగుతూ ఉంటే, తిరిగే చక్రం ఆగిపోయినట్టు కనిపిస్తుంది. 1931 నాటికి ఈ పరికరం పూర్తిగా పనికొచ్చింది. మోటారును ఆపి చూపించిన దీపం ప్రపంచంలో ఇంకా దేన్నైనా ఆపి చూపిస్తుందని ఆయనకు తట్టింది. పళ్లెంలో పడిన పాలచుక్క కిరీటంలా ఎగసిపడే ఫొటో మీరు ఎక్కడో చూసే ఉంటారు. అది ఎడ్జర్టన్‌దే.

ఆ దీపం ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఆ తర్వాతి కథంతా తేలిగ్గా అర్థమవుతుంది. కెపాసిటర్ అనే పరికరంలోకి విద్యుత్తు కొన్ని సెకన్లపాటు నెమ్మదిగా చేరుతుంది. మీట నొక్కగానే చేరిందంతా గాజు గొట్టంలోంచి ఒక్కసారిగా బయటపడుతుంది. అన్ని సెకన్ల కూడిక సెకనులో కొన్ని వేలో వంతులోనే ఖర్చవుతుంది కాబట్టి వెలుగు సూర్యుడి వెలుగును మించిపోతుంది. ఇక కెమెరా తలుపు ఎంతసేపు తెరిచి ఉంచారన్నది లెక్కలోకి రాదు. ఫిల్మ్ చూసేది వెలుగు ఉన్నంతసేపే. కదలికను ఆపే పని కెమెరా చేతిలోంచి దీపం చేతిలోకి వెళ్లిపోయింది. నా దృష్టిలో అసలు ఆవిష్కరణ ఇదే. తక్కినవన్నీ దీనికి మెరుగులు.

ఎడ్జర్టన్ 1930ల మధ్యలోనే న్యూ హాంప్‌షైర్‌లో తన దీపాన్ని హమ్మింగ్‌బర్డ్‌ల ముందు పెట్టి చూశాడు. రెక్క మీది ఒక్కో ఈకా విడివిడిగా, పదునుగా వచ్చింది. పక్షి గాలిలో నిలబడినప్పుడు రెక్క ముందుకు వెళ్లి, భుజం దగ్గర తిరగబడి, మళ్లీ వెనక్కి వస్తుందని, ఆ దారి అడ్డంగా పడుకోబెట్టిన ఎనిమిది అంకెలా ఉంటుందని జనం కళ్లారా చూడగలిగారు. అయితే అవి ఒకటి రెండు జాతులు, ఇంటి పెరటికి వచ్చే పిట్టలు. అసలైన హమ్మింగ్‌బర్డ్‌ల దేశం దక్షిణ అమెరికా. 350కి పైబడిన జాతుల్లో ఎక్కువ భాగం అక్కడి ఆండీస్ లోయల్లో, బ్రెజిల్ అడవుల్లో ఉన్నాయి. ప్రయోగశాల బల్ల మీది పరికరాన్ని అక్కడికి ఎవరు మోసుకెళ్లాలి?

మోసుకెళ్లినాయన పేరు క్రాఫర్డ్ గ్రీన్‌వాల్ట్. ఎడ్జర్టన్ పనిచేసిన విద్యాసంస్థలోనే 1922లో రసాయన ఇంజినీరింగ్ పట్టా పుచ్చుకుని డ్యూపాంట్ కంపెనీలో చేరాడు. ప్రపంచానికి నైలాన్ ఇచ్చిన కంపెనీ అది. నైలాన్‌ను ప్రయోగశాల నుంచి కర్మాగారానికి తెచ్చినవాళ్లలో ఆయనా ఒకడు. యుద్ధకాలంలో ఆయన్ను అణు పథకంలోకి తీసుకున్నారు. 1942 డిసెంబరు 2న షికాగోలో మానవుడు మొట్టమొదటిసారి అణు గొలుసుచర్య నడిపించినప్పుడు, అక్కడ నిలబడి చూసిన కొద్దిమందిలో గ్రీన్‌వాల్ట్ ఉన్నాడు. 1948లో డ్యూపాంట్ అధ్యక్షుడయ్యాడు. అంత పెద్ద కంపెనీ బరువు నెత్తిన ఉండగానే, తీరిక దొరికిన ప్రతిసారీ కెమెరా, దీపాలు సర్దుకుని హమ్మింగ్‌బర్డ్‌ల వెంట పడ్డాడు.

ఎడ్జర్టన్ వేసిన దారిలోనే నడిచి, ఆయన తనకు కావలసిన దీపాలను తయారు చేయించుకున్నాడు. వెలుగు సెకనులో సుమారు 30,000వ వంతు సేపు మాత్రమే ఉండాలి. ఇందాకటి లెక్క మళ్లీ వేస్తే, అంతసేపట్లో రెక్క కొస జరిగేది మిల్లీమీటరులో మూడో వంతు. ఇక పొగమంచు ఉండదు. కానీ వెలుగు వ్యవధి తగ్గిస్తే వెలుగు మొత్తమూ తగ్గిపోతుంది. ఫిల్మేమో నిదానపుది. అందుకే వేల వోల్టుల విద్యుత్తు కావలసి వచ్చింది, దీపాలను పిట్టకు బాగా దగ్గరగా పెట్టాల్సి వచ్చింది. ఎక్కడ చెమ్మ తగిలినా ప్రమాదమైన సామగ్రి అది. దాన్ని తేమకు పుట్టిల్లయిన అడవుల్లోకి తీసుకెళ్లాలి.

ఈ రకం ఫొటో తీసే పద్ధతి ఇవాళ్టికీ పెద్దగా మారలేదు. చక్కెర నీళ్లు నింపిన సీసానో, తేనె పూసిన పువ్వో ఒకచోట కడతారు. హమ్మింగ్‌బర్డ్ అలవాటు పడ్డాక రోజంతా దాని దగ్గరికి వచ్చిపోతూనే ఉంటుంది. దాని ఒంటి లెక్క అలాంటిది, కడుపు ఖాళీగా ఎక్కువసేపు ఉండలేదు. పువ్వు ముందు అది గాలిలో నిలబడే చోటు వేలెడంత. కెమెరా చూపును ముందే అక్కడ బిగించేస్తారు. దీపాలు నాలుగో, ఐదో, ఆరో చుట్టూ నిలబెడతారు. రెండు రెక్కలకు. ఒకటి వీపుకు. కెమెరాకు ఆనుకుని ఒకటి తప్పనిసరిగా గొంతుకు, ఎందుకంటే ఆ కెంపు అద్దం వెలుతురు వచ్చిన వైపుకే మెరుపును తిప్పి కొడుతుంది. పగటి వెలుతురు ఫిల్మ్ మీద పడకుండా లెన్సు రంధ్రాన్ని బాగా మూసి, నీడపట్టున తీస్తారు. పడితే పదునైన రెక్క పక్కన దెయ్యం రెక్క ఒకటి తేలుతుంది. ఇంత చేశాక ఇంకో సమస్య. దీపం వెలుగు నాలుగడుగులు దాటి పోదు, కాబట్టి పిట్ట వెనక ఉన్న అడవంతా నల్లగా వస్తుంది. అందుకని పిట్ట వెనక రంగు వేసిన అట్టను నిలబెట్టి, దాని మీదా ఒక దీపం వేస్తారు. ఆకుపచ్చటి అడవి ముందు ఎగురుతున్నట్టు మనం మురిసిపోయే ఎన్నో హమ్మింగ్‌బర్డ్ ఫొటోల్లో వెనక ఉన్నది అట్టే.

ఈ మాట చెప్పి ఆ ఫొటోల విలువ తగ్గించాలని నాకు లేదు. వాటిని చూసే తీరు మాత్రం మారాలి. అవి అడవి దృశ్యాలు కావు, అడవిలో తీసిన చిత్తరువులు. పక్షి స్వేచ్ఛగా ఉంది, వేదిక మనిషి కట్టాడు. గూల్డ్ గాజు పెట్టెకూ దీనికీ ఉన్న తేడా, చివర్లో పిట్ట తన దారిన తాను ఎగిరిపోవడం. ఆ తేడా చిన్నది కాదు.

1960లో గ్రీన్‌వాల్ట్ పుస్తకం, పేరు 'హమ్మింగ్‌బర్డ్స్', అమెరికా ప్రకృతి చరిత్ర మ్యూజియం తరఫున వెలువడింది. అదే ఏడాది నవంబరులో నేషనల్ జియోగ్రాఫిక్ ఆయన ఫొటోలు వేసింది. పుస్తకంలో బొమ్మలు ఎంతో, లెక్కలూ అంతే. రెక్క పొడవుకూ, ఆడించే వేగానికీ ఉన్న సంబంధం ఏమిటి, పిట్ట వెనక్కి ఎలా ఎగురుతుంది అని ఒక ఇంజినీరు అడిగే ప్రశ్నలన్నీ అడిగాడు. అన్నిటికంటే ముఖ్యం, ఆ రంగు రహస్యం. ఇద్దరు సహచరులతో కలిసి ఈకను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టి, పలకల మందాన్ని బట్టి ఏ రంగు రావాలో లెక్క కట్టి, 1960లోనే అమెరికా దృశ్యశాస్త్ర సంఘం పత్రికలో వ్యాసం రాశాడు. ఈ వ్యాసం మొదట్లో నేను చెప్పిన పొరల వివరణ ఆ పరిశోధన నుంచి వచ్చిందే. ఫొటో కోసం గొంతు మీద దీపం ఎక్కడ పెట్టాలో వెతికిన మనిషే ఆ గొంతు ఎందుకు మెరుస్తుందో కూడా తేల్చాడు. ఇలాంటి జోడింపు సైన్సు చరిత్రలో అరుదు.

దక్షిణ అమెరికాలో ఆయనకు తోడు దొరికినవాళ్లలో ప్రధానమైనవాడు బ్రెజిల్ ప్రకృతి శాస్త్రవేత్త అగుస్తో రూష్కి. ఎస్పిరితో సాంతో రాష్ట్రంలో సాంత తెరేజా అనే కొండ ఊరు ఆయనది. 1949లో అక్కడే ఒక జీవశాస్త్ర మ్యూజియం పెట్టాడు. హమ్మింగ్‌బర్డ్‌ల కోసం చక్కెర నీళ్ల సీసాలు వేలాడదీసే అలవాటును బ్రెజిల్‌లో వ్యాపింపజేసింది ఆయనే. ఏ పువ్వుకు ఏ పిట్ట వస్తుందో, ఎప్పుడు వస్తుందో ఎరిగిన మనిషి. కెమెరా ఎంత గొప్పదైనా, దాన్ని ఎక్కడ నిలబెట్టాలో చెప్పేవాడు ఉండాలి. ఆయన సొంత ఊళ్లోని అడవిని కాపాడుకోవడానికి ప్రభుత్వంతోనే తలపడ్డాడు. 1986లో చనిపోతే, 1990లో ఆయన బొమ్మతో బ్రెజిల్ కరెన్సీ నోటు వేసింది. పక్షి శాస్త్రవేత్తను నోటు మీదికి ఎక్కించిన దేశాలు ఎన్నని?

గ్రీన్‌వాల్ట్ ఆ తర్వాత ఉత్తర పెరూకు కూడా వెళ్లాడు. అక్కడ తప్ప ఇంకెక్కడా లేని హమ్మింగ్‌బర్డ్ ఒకటుంది. తోకకు నాలుగే ఈకలు. అందులో రెండు ఈకలు సన్నటి తీగల్లా సాగి, చివర ఊదారంగు బిళ్లలతో ముగుస్తాయి. మగపిట్ట వాటిని తల చుట్టూ ఆడిస్తూ ఆడపిట్ట ముందు ఎగురుతుంది. 19వ శతాబ్దంలో దొరికిన తోళ్లను బట్టే ప్రపంచానికి తెలిసిన ఆ పక్షి ఫొటోలు 1966 జూలై నేషనల్ జియోగ్రాఫిక్‌లో వచ్చాయి. ఆ తోక ఈకల ఆటను తోలు చూసి ఊహించడం ఎవరి తరం?

దీపం చేయలేని పనులూ ఉన్నాయి. చక్కెర నీళ్లకు రాని పక్షి, వంద అడుగుల ఎత్తున చెట్టు తలకాయలో ఆడే పక్షి, చిన్న మార్పుకే బెదిరి ఆట మానేసే పక్షి. న్యూ గినీ స్వర్గపక్షులు అచ్చం అలాంటివే.

వీటి కథ కూడా తోళ్లతోనే మొదలైంది. నావికుడు మెజెల్లాన్ బృందంలో మిగిలిన ఓడ 1522లో ఆ తోళ్లతో యూరప్ చేరింది. అమ్మేవాళ్లు కాళ్లు కోసేసి ఎండబెట్టేవారు. ఆ పక్షికి కాళ్లే ఉండవని, జీవితాంతం ఆకాశంలోనే తేలుతుందని యూరప్ నమ్మింది. 1758లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ దానికి శాస్త్రనామం పెట్టినప్పుడు 'కాళ్లు లేనిది' అనే అర్థం వచ్చేలాగే పెట్టాడు. 1857లో, గూల్డ్ ఫిలడెల్ఫియాలో హమ్మింగ్‌బర్డ్‌ను చూసిన ఏడాదే, ప్రకృతి శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ రసెల్ వాలెస్ న్యూ గినీ దగ్గరి ఆరూ దీవుల్లో ఆ పక్షులను వాటి అడవిలో చూసి, అవి చెట్ల మీద గుంపుగా చేరి ఈకలు విప్పి ఆడే తీరును లోకానికి రాసి చెప్పాడు. నూరేళ్లకు, 1957లో, డేవిడ్ అటెన్‌బరో స్వర్గపక్షి ఆటను బీబీసీ కార్యక్రమం కోసం చిత్రీకరించాడు. ఇళ్లలో టీవీల ముందు కూర్చున్నవాళ్లకు అది కనిపించింది నలుపు తెలుపుల్లో.

అప్పటి లెక్కలో ఉన్న మొత్తం 39 జాతుల స్వర్గపక్షులను రంగుల్లో, అడవిలో, వాటి ఆటతో సహా పట్టాలని 2004లో ఇద్దరు బయల్దేరారు. టిమ్ లామన్ ఫొటోగ్రాఫర్, అడవి చెట్ల మీద హార్వర్డ్‌లో డాక్టరేట్ చేసినవాడు. ఎడ్విన్ స్కోల్స్ స్వర్గపక్షుల శాస్త్రవేత్త, కార్నెల్ విశ్వవిద్యాలయం పక్షిశాస్త్ర కేంద్రం మనిషి. 2012 నాటికి 39 జాతులూ పూర్తయ్యాయి.

వాళ్లు తీసిన వేల ఫొటోల్లో ఒక్కదాని గురించి చెప్పాలి. ఆరూ దీవుల్లో వొకామ్ అనే చోట, పెద్ద స్వర్గపక్షి మగవి చేరే చెట్టు ఒకటి ఉంది. పొద్దున సూర్యుడు అడవి మీదికి వచ్చే సమయంలో, ఆ పక్షి పసుపు రంగు కుచ్చులు విప్పగా, వెనక అనంతమైన అడవి కనిపించాలి. దూరం నుంచి పెద్ద లెన్సుతో తీస్తే పక్షి వస్తుంది గానీ అడవి రాదు. దగ్గర నుంచి వెడల్పు లెన్సుతో తీస్తే రెండూ వస్తాయి. కానీ మనిషి దగ్గరికి వెళ్తే పక్షి రాదు. లామన్ విల్లుతో బాణానికి సన్నటి తాడు కట్టి కొమ్మ మీదుగా వేసి, దాని వెంట బరువైన తాడు లాగి చెట్టెక్కేవాడు. అలా ఎక్కి, పక్షి వాలే కొమ్మకు దగ్గరలో కెమెరాను ఆకులు చుట్టి కట్టాడు. దానికి పొడుగాటి తీగ. తాను వేరే చెట్టు మీద ఆకుల మరుగులో ఒక లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. చీకటి ఉండగానే ఎక్కి కూర్చోవాలి, పక్షులు వచ్చేసరికి ఏదీ కదలకూడదు. పక్షి వచ్చింది, వెలుతురు వచ్చింది, తెర మీద చూస్తూ మీట నొక్కాడు. అక్కడ దీపాలు లేవు, అట్ట లేదు. గ్రీన్‌వాల్ట్ వెలుతురును తెచ్చి పిట్ట ముందు పెట్టాడు. లామన్ వెలుతురు వచ్చే చోట కెమెరాను ముందే పెట్టి ఎదురుచూశాడు. ఈ రెంటిలో నాకు రెండోదే ఎక్కువ నచ్చుతుంది, ఎందుకంటే అందులో పక్షి తన అడవితో కలిసి కనిపిస్తుంది.

వాళ్లు కెమెరాను ఇంకో తెలివైన చోట కూడా పెట్టారు. పరోటియా అనే స్వర్గపక్షి నేల మీద చిన్న స్థలం శుభ్రం చేసుకుని, నల్లటి ఈకలను గొడుగులా విప్పి ఆడుతుంది. పక్క నుంచి చూసే మనిషికి గొడుగే ప్రధానం. ఆడపక్షి మాత్రం పైకొమ్మ మీద కూర్చుని కిందికి చూస్తుంది. కెమెరాను పై నుంచి కిందికి చూసేలా కట్టాక, ఆమెకు కనిపించే దృశ్యం తొలిసారి మనకు కనిపించింది. గొడుగు కాస్తా నల్లటి గుండ్రటి తెరగా మారి, దాని మధ్య రొమ్ము మీది ఈకల మెరుపు రంగులు మారుతోంది. ఆ ఆట ఎవరి కోసమో వాళ్ల కంటితో చూడ్డం నిజంగా కొత్త సంగతి.

ఆ నలుపుకూ ఓ లెక్క ఉంది. కొన్ని స్వర్గపక్షుల నల్ల ఈకలు తమ మీద నేరుగా పడే వెలుతురులో 99.95 శాతం దాకా మింగేస్తాయని 2018లో ఒక పరిశోధన తేల్చింది. పక్కన ఉన్న మెరుపు రంగు అంత వెలిగిపోయినట్టు అనిపించడానికి అదొక కారణం. అదే ఏడాది స్కోల్స్, లామన్ తమ వీడియోల ఆధారంగా, పశ్చిమ న్యూ గినీలో ఉండే ఒక స్వర్గపక్షిది వేరే జాతి అని చూపించారు. ఆట ఆడేటప్పుడు, దీనితో కలిపి ఒకే జాతి అనుకున్న మిగతావాటి ఈకలు గుండ్రంగా విచ్చుకుంటే, దీనివి నెలవంకలా విచ్చుకుంటాయి. మ్యూజియం అరల్లోని తోళ్లు ఏళ్ల తరబడి పక్కపక్కనే ఉన్నా చెప్పని సంగతి ఇది.

ఇవాళ మధ్యరకం కెమెరా కూడా చీకటిని సునాయాసంగా ఈదుతుంది, పక్షి కంటిని తనే వెతికి పట్టుకుంటుంది, మీట నొక్కడానికి ముందు జరిగిన క్షణాన్ని కూడా దాచి ఇస్తుంది. హైదరాబాద్‌లోనో, విశాఖలోనో ఆదివారం పొద్దున చెరువుగట్ల మీద కెమెరాలతో కనిపించే కుర్రాళ్లను చూస్తే సంతోషంగా ఉంటుంది. వాళ్లకు రెండు మాటలు చెప్పాలి.

మొదటిది గూళ్ల సంగతి. తేనెపిట్ట గూడు మన ఇళ్లకు దగ్గరగా, వరండాలో వేలాడే తీగకో, గుబురు కొమ్మకో సంచిలా వేలాడుతుంది. ఫొటో శుభ్రంగా రావాలని చుట్టూ ఉన్న ఆకులు తుంచకండి. ఆ ఆకులే పిల్లలకు ఎండ తగలకుండా, కాకి కంట పడకుండా కాస్తున్నాయి. చాలా ఫొటో పోటీలు గూళ్ల ఫొటోలను ఇప్పుడు తీసుకోవడమే లేదు. ఫోన్‌లో రికార్డు చేసిన కూత వినిపించి పక్షిని పదే పదే పిలవడమూ అంతే, అది తన పిల్లలను వదిలి శత్రువు కోసం వెతుకుతూ అలిసిపోతుంది.

రెండోది పాలపిట్ట సంగతి. కొమ్మ మీద కూర్చున్నప్పుడు దాని ఒళ్లు మట్టి రంగు. ఎగిరి రెక్క విప్పితేనే ఆ నీలాలు కనిపిస్తాయి, అవీ హమ్మింగ్‌బర్డ్ కెంపులాగే ఈక నిర్మాణం నుంచి పుట్టిన రంగులే. తెలంగాణ రాష్ట్ర పక్షి అని చెప్పుకునే ఆ పిట్టనే దసరా రోజు శుభమని చూడ్డం కోసం, పట్టుకొచ్చి, కాళ్లు కట్టి, రెక్కలు కత్తిరించి వీధుల్లో తిప్పుతున్నారు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం అది నేరం. ఈ దసరాకు పంజరంలోని పాలపిట్టకు డబ్బులివ్వకండి. పిల్లల్ని తీసుకుని ఊరి బయట పొలాల దగ్గరికి వెళ్లండి, కరెంటు తీగల మీద, ఎండుకొమ్మల మీద చూడండి. కెమెరా ఉంటే సెకనులో రెండు వేలో వంతు పెట్టుకుని, అది పురుగు కోసం కిందికి దూకేదాకా ఆగండి.